గుంత చుట్టూ మూరెడు మట్టి

పొద్దున లేచి వాకిలి ఊడ్చి, చాన్పి చల్లి, ముగ్గు వేశాక చిలుకమ్మకు ఇంకొక పని ఉండేది. ఒక చేత్తో నీళ్ల బకెట్, ఇంకో చేత్తో ముక్కుకు అడ్డంగా చీర కొంగు పట్టుకొని మగ్గాల షెడ్డు పక్కకు పోయేది. అక్కడ గోడ వారగా నేలలో ఒక గుంత, అందులో నిలువునా పాతిన ఇనుప పైపు. మగ్గంలో ఎక్కడైనా కరెంటు దారి తప్పితే మనిషిని పట్టుకోకుండా భూమిలోకి దిగిపోవాలని వేసిన ఎర్తింగ్ అది. గుంత ఎండిపోతే భూమి ఆ కరెంటును తీసుకోదు. అందుకే రోజూ బకెట్ నీళ్లు. ఊపిరి బిగబట్టి గుమ్మరించి, ఆ ఊపిరి వదలకుండానే వెనక్కి తిరిగి వచ్చేసేది. ఇరవై రెండేళ్లు చేసింది ఆ పని.

ఇప్పుడు కూడా పోతోంది. కానీ కొంగు ముక్కు మీదికి రావడం లేదు. ఊపిరి బిగబట్టడం లేదు. నీళ్లు పోసి, అవి బుడగలు తేలి చివరి చుక్క ఇంకిందాకా అక్కడే నిలబడుతోంది.

చిలుకమ్మది రఘునాథపల్లి దగ్గర ఒక పల్లె. నేతపని చేసే ఇల్లు. కండెలు చుట్టడానికి మనిషి కావాలని నాలుగో తరగతిలోనే బడి మాన్పించారు. పదిహేడో ఏట వరంగల్లుకు గట్టయ్య భార్యగా వచ్చింది. అప్పుడు గట్టయ్య చేతి మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. తర్వాత రోజుల్లో చేతి మగ్గం పోయి నాలుగు పవర్‌లూమ్‌లు వచ్చాయి. ఒకే ప్రహరీ లోపల అన్నదమ్ములకు రెండిళ్లు, మధ్యలో ఒకే వాకిలి, పక్కన షెడ్డు. గట్టయ్య మగ్గాల మీద ఉంటే, తమ్ముడు ఓంప్రకాశ్ నూలు తెచ్చుడు, బట్ట అమ్ముడు చూసుకునేవాడు. చిలుకమ్మకు ఒక్కతే బిడ్డ, దీప. పెళ్లయి ఖిలా వరంగల్‌లో ఉంటుంది.

చిలుకమ్మకు పుట్టుకతోనే రోత ఎక్కువ. గ్లాసును మూడుసార్లు కడగనిదే నీళ్లు తాగదు. బస్సులో సీటు దొరికినా కొంగుతో తుడవనిదే కూర్చోదు. పెళ్లి భోజనంలో పక్కవాళ్లు వేళ్లు చీకుతుంటే ఆమె విస్తరి ముందు నుంచి లేచిపోతుంది. ఓంప్రకాశ్ ఆమెకు ‘ఛీఛీ వదినె’ అని పేరు పెట్టాడు. చుట్టాలంతా ఆ పేరే పట్టుకున్నారు. ఆమె ఏమీ అనేది కాదు. అన్నా ఆగే నోళ్లు కావు అవి.

అంత రోత ఉన్న మనిషికి ఆ గుంత దగ్గరే రోజు మొదలయ్యేది. ఎందుకంటే షెడ్డులో పనిచేసే మగవాళ్లకు అదే మూత్రశాల. ఇంట్లో బాత్‌రూమ్ ఉంది. అక్కడిదాకా ఇరవై అడుగులు నడవాలి. నడవరు. మగ్గం ఆపి, బయటికి వచ్చి, గోడ వైపు తిరిగి నిలబడితే పని అయిపోతుంది. అందులోనే గుట్కా ఉమ్మేవారు. అన్నం తిన్న చేతులు అందులోనే కడిగేవారు. తాగిన టీ కప్పులు అందులోకే విసిరేవారు.

ఒకసారి ఉండబట్టలేక మగ్గం నడిపే హరీశ్‌ను అడిగింది.

“ఏమయ్యా, మనిషి పుట్టుక పుట్టినవా లేదా? గక్కడ బాత్‌రూమ్ కనవడ్త లేదా నీకు?”

హరీశ్ ఏమాత్రం సిగ్గుపడలేదు. “ఎర్తింగ్‌కు ఉప్పు నీళ్లే గావాలె గద అక్కా. మేం ఫిరీగ పోస్తాన్నం.”

షెడ్డంతా నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వింది గట్టయ్యే. “నువ్వు పొద్దుగాల పోస్తవు, మేం పగలంత పోస్తం. మన గుంత ఎన్నడన్న ఎండిందా చెప్పు?”

ఆయన కూడా అక్కడే నిలబడేవాడు. అది ఆమెకు తెలుసు. ఆ పూట ఆయనకు అన్నం కంచం చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టి నెట్టింది. ఆయన దాన్ని కూడా నవ్వుకుంటూనే తిన్నాడు. అట్లాంటి మనిషి. ఆమెను ఒక్క దెబ్బ కొట్టి ఎరుగడు, ఒక్క పండగకు చీర మరిచి ఎరుగడు. కానీ గుంత సంగతి ఎత్తితే మాత్రం చిన్నపిల్లవాడిలా నవ్వేవాడు.

పోయిన ఏడాది దీపావళికి ముందు ఓంప్రకాశ్ కారు కొన్నాడు. కారు నిలపడానికి వాకిలంతా టైల్స్ వేయించాలన్నాడు. మేస్త్రి సమ్మయ్య వచ్చి రెండు రోజుల్లో సగం వాకిలి పరిచి, మూడో రోజు షెడ్డు పక్కకు వచ్చి ముక్కు మూసుకొని ఆగాడు.

“ఈ గుంతను ఏం జెయ్యాలె ఓంప్రకాశన్నా? చుట్టు ఇటుక గట్టి మూత పెడ్దునా?”

“ఇటుక గడ్తె కారు తిరుగతందుకు అడ్డమైతది. మూసెయ్.”

సమ్మయ్య మూసేయలేదు. ఆమె రోజూ నీళ్లు పోయడం అతను చూశాడు కదా. బట్టలు ఆరేస్తున్న చిలుకమ్మ వైపు తిరిగి, “ఏమంటవ్ అక్కా?” అన్నాడు.

అప్పుడామె అన్న మాట ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“మంచిగ మూసెయ్ తమ్మీ. ఒక్క సందు గూడ ఉంచకు. వాసన బయటికి రావద్దు.”

సమ్మయ్య ఇసుక నింపాడు, కంకర పోశాడు, పైన సిమెంటు మాలు పరిచి నాలుగు టైల్స్ వేసి సందుల్లో తెల్ల సిమెంటు కూరాడు. నిన్నటి దాకా అక్కడ ఒక గుంత ఉండేదని కొత్తవాళ్లు చెప్పలేరు. ఓంప్రకాశ్ టైల్స్ పని మీద ఉండిపోవడంతో ఆ రోజు గట్టయ్యే ఎనుమాముల దిక్కు బట్ట వేయడానికి పోయి సాయంత్రం వచ్చాడు. టైల్స్ చూసి నెత్తి గోక్కున్నాడు.

“అరే, ఎర్తింగ్ మూసిండ్రా? ఎట్ల మరి?”

“లోపల తడి ఉంటది లేవే అన్నా, ఇన్నేండ్లు పోసినం,” అన్నాడు ఓంప్రకాశ్.

“సరె. రేపు ఒక టైలు తీపిద్దాం, మూత పెట్టిద్దాం.”

ఆ రేపు రాలేదు. తెల్లారి చిలుకమ్మ ముగ్గు వేసి నేరుగా వచ్చి టీ పెట్టుకుంది. ముక్కు మూసుకోకుండా మొదలైన పొద్దు ఆమెకు పవర్‌లూమ్‌లు వచ్చిన తర్వాత అదే మొదటిది. పీడ పోయిందనుకుంది. మగవాళ్లు మాత్రం కొన్నాళ్లు టైల్స్ మీదే పోశారు. అది దాగని వాసన కాబట్టి చివరికి పద్మలతే అరిచి మాన్పించింది. పద్మలత ఓంప్రకాశ్ భార్య. కారు దగ్గర వాసన వస్తే ఆమెకు గిట్టదు.

చలికాలం గడిచింది. ఎండలు ముదిరాయి. ఒకరోజు చిలుకమ్మ షెడ్డు గుమ్మంలో కూర్చొని కండెలు చుడుతుంటే హరీశ్ చెయ్యి విదిలించుకుంటూ వచ్చాడు.

“రెండో మగ్గం జివ్వుమంటాందే అన్నా. ఇనుం ముట్టుకుంటె చీమలు కుట్టినట్టైతాంది.”

ఓంప్రకాశ్ ఫోను మీది నుంచి తల ఎత్తలేదు. “చెప్పులు ఏసుకొని నడుపుండ్రి. ఏం ఫికర్ లేదు.”

హరీశ్ చెప్పులు వేసుకున్నాడు. గట్టయ్య వేసుకోలేదు. మగ్గం దగ్గరికి చెప్పులతో పోకూడదని తండ్రి దగ్గర నేర్చుకున్న పట్టింపు. చేతి మగ్గం పోయి ఇనుప మగ్గం వచ్చినా ఆయన గడప దగ్గర చెప్పులు విడిచి, మగ్గానికి చెయ్యి తాకించి కళ్లకద్దుకొని గానీ పని మొదలుపెట్టేవాడు కాదు. వైశాఖంలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిది గంటలకు తెగిన పోగు అతుకుదామని వట్టి కాళ్లతో, చెమట పట్టిన చెయ్యి మగ్గం మీద ఆనించి వంగాడు. మళ్లీ లేవలేదు. హరీశ్ మెయిన్ స్విచ్ కొట్టేసరికే అయిపోయింది. దవాఖానకు తీసుకుపోయారు గానీ, తీసుకుపోయామన్న మాటకే.

పదకొండో రోజు వాకిట్లో టెంటు వేశారు. చుట్టాలు వరుసగా కూర్చొని తింటున్నారు. ఎవరో పెద్దమనిషి అడిగాడు, ఇట్లా ఎట్లా అయింది, ఎర్తింగ్ లేదా అని. ఓంప్రకాశ్ మాంసం ముక్క నములుతూ, వడ్డిస్తున్న పద్మలత చేతిలోని గిన్నె వైపు చూస్తూ చెప్పాడు.

“ఉండె బావా. మా వదినెకు వాసన వడక మూయించింది. ఆడోళ్ల సంగతి మీకు తెల్వదా!”

మూలకు కూర్చున్న చిలుకమ్మకు ఆ మాట వినబడింది. అబద్ధమని అనడానికి లేదు. భోజనాలయ్యాక ఆ పెద్దమనుషుల్లోనే ఇద్దరు లేచి, పళ్లు కుట్టుకుంటూ పోయి, షెడ్డు గోడ వైపు తిరిగి ఆ నాలుగు టైల్స్ మీదే నిలబడ్డారు. ఆమె మూలలో నుంచి లేచింది. ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. బయట మనుషులు ఆమె ఏడుస్తోందనుకున్నారు. ఆమె కక్కుతోంది.

కరెంటు ఆఫీసరు వచ్చి చూసి, కొత్త ఎర్తింగ్ వేసిందాకా మగ్గాలు నడపొద్దని చెప్పి పోయాడు. మూడు నెలలు షెడ్డుకు తాళం. శ్రావణంలో ఓంప్రకాశ్ తన బిడ్డ కావ్యకు సంబంధం ఖాయం చేసుకున్నాడు. మూడో మాసికం దాటింది కాబట్టి నిశ్చితార్థం చేసుకోవచ్చని అయ్యగారు చెప్పాడట. షెడ్డు కూడా తెరవాలని ఎలక్ట్రీషియన్ రాంప్రసాద్‌ను పిలిపించాడు.

రాంప్రసాద్ ముందు పాత గుంత మీది టైల్స్ పగలగొట్టించాడు. తవ్వుతుంటే వచ్చిన వాసనకు అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగారు. పాత బొగ్గు, ఉప్పు, ఏళ్ల మురికి కలిసి గట్టిపడిన నల్ల పెళ్లలు. వాటి మధ్య గుట్కా పొట్లాలు, నలిగిన కప్పులు, బీడీ ముక్కలు. పైపు పట్టుకొని లాగితే పైభాగం తుప్పు పొడి అయి అతని చేతిలోకి వచ్చింది. తీగ బిగించిన చోట అసలు ఇనుమే లేదు.

“ఇది ఎర్తింగా, మురికి మోరీనా?” అన్నాడు రాంప్రసాద్, చెయ్యి ఇసుకలో రుద్దుకుంటూ. “ఉచ్చ పోసి పోసి తినేసిండ్రు గదనే పైపును. మీద ఎండింది, కింద కుళ్లింది. ఇగ ఏం పని జేస్తది ఇది?”

హరీశ్ తల దించుకున్నాడు. ఓంప్రకాశ్ నవ్వబోయి ఆగాడు. చిలుకమ్మ ఒక్కతే దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఆమెకు ఆ పెళ్లల మీద కంటే, ముక్కులు మూసుకొని నిలబడ్డ ఆ మొహాల మీద ఎక్కువ రోత పుట్టింది. వాళ్లు పోసిందే కదా అది. తనొక్కతే తక్కువ తిన్నదా? ఈ వాసన తన ముక్కుకు రాకుంటే చాలని దాని మీద రాయి వేయించిన మనిషి తనే కదా.

రాంప్రసాద్ రెండు గజాల అవతల కొత్త గుంత తవ్వి, కొత్త పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు, మట్టి నింపాడు. స్విచ్ బోర్డులో, కరెంటు దారి తప్పగానే దానంతట అదే పడిపోయే కొత్త స్విచ్చి కూడా పెట్టాడు. పోయే ముందు అందరికీ వినబడేటట్టు చెప్పాడు.

“పైపు చుట్టు చిన్నగ ఇటుక గట్టి ఎత్తుకునే మూత పెట్టుండ్రి. దాని చుట్టు మూరెడు మట్టి అట్లనే ఉండాలె. సిమెంటు ముట్టియ్యద్దు, టైలు ముట్టియ్యద్దు. నీళ్లు ఇంకాలె. ఎండకాలం రోజు పోయాలె. నీళ్లంటె మంచినీళ్లు!”

మగ్గాలు మళ్లీ నడిచాయి. చిలుకమ్మ బకెట్ మళ్లీ ఎత్తుకుంది.

నిశ్చితార్థం ఇంకా ఒక్క రోజు ఉందనగా సమ్మయ్య మేస్త్రి టైల్స్, తాపీ పట్టుకొని దిగాడు. ఇటుక గూడు, మూత అప్పటికే కట్టి ఉన్నాయి. చుట్టూ తవ్వి పోసిన ఎర్రమట్టి. ఓంప్రకాశ్ కాలితో గీత గీసి చూపిస్తున్నాడు.

“మూత మీదికెల్లి గూడ టైలు రావాలె సమ్మయ్యా. వాకిలంత ఒక్క తీరుగ ఉండాలె. గుంత మీది టైలు ఒక్కటి వదులుగ పెట్టు, గావాల్నంటె తీసుకుంటం.”

నీళ్లు పోయడానికి వచ్చిన చిలుకమ్మ బకెట్ కింద పెట్టింది. “రాంప్రసాద్ ఏం జెప్పిండు?”

“చెప్తనే ఉంటరు వదినె వాళ్లు. పెళ్లోళ్లు వస్తాండ్రు రేపు. గీ మట్టి కుప్పల కుర్చీలు ఎట్ల ఎయ్యాలె?”

పద్మలత గుమ్మంలో నుంచే అందుకుంది. “ఫోటోలల్ల గుంత కనవడితె ఏం బాగుంటదక్కా? నేనొకటి అనుకున్న. టైలు మీద తులసి కుండీ పెడ్దాం. నువ్వు రోజు నీళ్లు పోస్తనే ఉంటివి. తులసమ్మకు పోసినట్టుంటది, ఎర్తింగ్‌కు పోసినట్టుంటది.”

చిలుకమ్మ ఆమె మొహం వైపు చూసింది. వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే అంటోంది.

“ఈ గోడ మొకాన తులసమ్మనా? ఏమేం పోసిండ్రో నీకు తెల్వదా పద్మా?”

“అది పాత గుంత గదక్కా. ఇది కొత్తది.”

“గుంతే కొత్తది. పోసేటోళ్లు వాళ్లే గద.”

సమ్మయ్యకు నవ్వు వచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. ఓంప్రకాశ్‌కు మాత్రం కోపం వచ్చింది.

“ఛీఛీ అనుకుంట మూయించింది నువ్వే, ఇప్పుడు తెరిచి పెట్టుమంటున్నది నువ్వే. నలుగుట్ల నా పరువు దీస్తాన్నవ్. ఏదో ఒకటి చెప్పు వదినె!”

షెడ్డులో మగ్గాలు ఆగాయి. హరీశ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మూడు నెలలుగా ఈ మాట వస్తుందని చిలుకమ్మ ఎదురుచూస్తూనే ఉంది. వచ్చినప్పుడు కూలిపోతాననుకుంది. కూలలేదు.

“అవ్. నేనే మూయమన్న. సమ్మయ్యను అడుగు, సందు గూడ ఉంచకన్న. నాకు వాసన గొట్టింది. నీకు కారు తిరగాలె. ఆయనకేమో రేపు జూద్దాం. ముగ్గురం గలిసి మూసినం. ఒక్కడు పోయిండు. ఇంక ఇద్దరం ఉన్నం.”

ఓంప్రకాశ్ గీసిన గీతను చిలుకమ్మ కాలితో చెరిపేసింది.

“వదులు టైలు అంటాన్నవ్. నెల దినాలల్ల మట్టి వడి బిగుసుకపోతది. దాని మీద కుర్చీ ఏస్తవు, కుండీ ఏస్తవు, కారు ఏస్తవు. మల్ల ఎండకాలం వస్తది. హరీశ్ కాళ్ల దిక్కు జూడు, చెప్పులున్నయా? మీ అన్న పోయినంక ఆయన లెక్కనె వాడు గూడ గడప కాడ ఇడుస్తాండు. రేపు వాని పెండ్లాం కాడికి నువ్వు వోతవా, నేను వోవాల్నా?”

హరీశ్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకొని దాచబోయాడు.

“మూత మీద టైలు వడ్డదంటె నేను గీ మూత మీదనే కూసుంట. పెళ్లోళ్లు వచ్చినంక గూడ లేవ. ఫోటోలల్ల నేనే వస్త.”

కాపురానికి వచ్చిన ముప్పై ఏళ్లలో ఆమె అంత పొడుగు మాట అనగా ఎవరూ వినలేదు. ఓంప్రకాశ్ పళ్లు కొరికి, సమ్మయ్య వైపు చూసి, ఆకాశం వైపు చూశాడు.

“సరె తీయ్. టైలు వద్దు. కనీసం గా మట్టి మీద పల్చగ మాలన్న పూయిండ్రి. నున్నగ ఉంటె ఎర్ర జాజు రంగు వేసి ముగ్గేస్తరు ఆడోళ్లు. ఏదో అలికినట్టు కనవడ్తది. అది గూడ వద్దంటె ఎట్ల?”

సమ్మయ్య తాపీ ఎత్తి, చిలుకమ్మను చూసి, మళ్లీ దించాడు. “నాకు ఇంకో కాడ స్లాబు పని ఉన్నదన్నా. మాలు కలిపి ఇచ్చి పోత. అక్క చెయ్యి తిరిగిన మనిషి, ఆమెనే దిద్దుకుంటది.” ఒక తట్ట నిండా మాలు కలిపి, పాత తాపీ ఒకటి అందులో గుచ్చి, ఆమె పక్కన పెట్టాడు. పెట్టేటప్పుడు ఆమె కళ్లలోకి చూడలేదు. “నేను మల్ల అడుగుతలేనక్కా. నీ ఇష్టం,” అని గొణిగి మోటారు సైకిల్ ఎక్కి పోయాడు.

ఓంప్రకాశ్ కూడా టెంటు వాళ్ల కోసం పోయాడు. “పొద్దుమూకక ముందే దిద్దు వదినె, ఆరాలె,” అని గేటు దగ్గర నుంచి అరిచి చెప్పాడు.

చిలుకమ్మ పీట తెచ్చుకొని మట్టి అంచున కూర్చుంది. మూత ఎత్తి నీళ్లు పోసింది. మిగిలిన నీళ్లు చుట్టూ మట్టి మీద చల్లింది. మట్టి నల్లబడి, గుల్లగా ఉన్న చోట కొంచెం కుంగింది. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. కాసేపటికి హరీశ్ ఎప్పటి అలవాటున గోడ వైపు నాలుగడుగులు వేసి, ఆమెను చూసి, అక్కడికక్కడే తిరిగి బాత్‌రూమ్ దారి పట్టాడు. ఆమె మొహం తిప్పుకుంది. ఒక ఆడమనిషి ఎదురుగా కాపలా కూర్చుంటే గానీ రాని సిగ్గు. అది చూసినా ఆమెకు రోతే వచ్చింది.

ఎండ గోడ మీదికి ఎక్కింది. గేటుకు మామిడాకులు కడుతున్న పద్మలత ఒకసారి తొంగి చూసింది.

“అక్కా, మాలు గట్టివడుతాంది. రెండు నీళ్లు కొట్టి కలుపు.”

“వడనీ.”

“మరి గా మట్టి? రేపు చీరెలకు అంటుతది గదా.”

“ఎత్తి పట్టుకొని నడుస్తరు.”

పద్మలత మళ్లీ ఆకుల దగ్గరికి పోయింది. చిలుకమ్మ లేచి, పీట గోడకు ఆనించి, ఖాళీ బకెట్ తీసుకొని ఇంట్లోకి నడిచింది. తట్టలో మాలు అంచుల నుంచి తెల్లబడుతూ వచ్చింది. దీపాలు పెట్టే వేళకు అందులో గుచ్చిన తాపీని ఊపినా కదలలేదు.